విట్టెన్‌బర్గులో మా మొదటి దినము



2018వ సంవత్సరము ఈస్టరు పండుగ తరువాత మా వివాహము జరిగింది. మా ఇద్దరికీ అది రెండవ వివాహమే. మాకు అప్పటికి నలభై ఒక్క ఏండ్లు. మొదటి భార్య జబ్బుచేసి ప్రభువు సన్నిధికి వెళ్ళి నాలుగేండ్లయింది. ఇప్పటి మా ఇంటివారు పొరుగు సంఘములో బడి టీచరు. ఆమె భర్త ఆరేండ్ల క్రితము రోడ్డు ప్రమాదములో ప్రభువునందు నిద్రించారు. మాకు ఒక బాబు, ఆమెకు పదకొండేండ్ల పాప. రెండు సంఘముల పెద్దలు ప్రార్థించి మా ఇద్దరినీ ఒక ఇంటివారినిగా చేశారు.

ఒక ఇంటివారమైతే అయ్యాము గాని, పిలుపు మాత్రము మారలేదు. ఆమె మమ్మల్ని సంఘస్థులందరివలెనే “అయ్యగారూ” అని పిలిచేది. మేము ఆమెను “టీచరు గారూ” అని పిలిచేవారము. పాప కూడా తల్లిని చూసి “అయ్యగారు” అనేది. వయసు వచ్చి, దుఃఖము చూసి, పిల్లలతో కలిసినవారికి కొత్త పెండ్లి అంత తేలిక కాదు. వంటగదిలో గిన్నె ఎక్కడ పెట్టాలన్నా ఒకరినొకరము అడగడానికి మొహమాటమే. ఒక విషయము మరీ బరువుగా ఉండేది. పెండ్లికి ముందు ఆమె తన భర్త ఫోటోను, మేము మా మొదటి భార్య ఫోటోను గోడమీదనుండి తీసి పెట్టెలో పెట్టేశాము. ఎందుకు తీశామో ఒకరితో ఒకరము చెప్పుకోలేదు.

ఆ సంవత్సరము జూన్ నెలలో జర్మనీ దేశములోని ఒక సంఘము వారు గ్రామాలలో సేవచేసే పాస్టర్లకు సహవాస కూటము ఏర్పాటు చేసి, భార్యతో కలిసి రమ్మని పిలిచారు. మా సంఘములోని యౌవనస్థులు “అయ్యగారు హనీమూనుకు వెళ్తున్నారు” అని ఒకటే నవ్వు. మాకు సిగ్గు అనిపించింది. ఆ మాట మా ఇంటివారి చెవిన పడకూడదనుకున్నాము గాని, పడనే పడింది.

కూటము మొదలయ్యేముందు ఒక దినము ఖాళీ దొరికింది. ఆ దినము గురించే ఈ వ్యాసము.

బెర్లిను నగరమునుండి రైలులో గంటలోపే విట్టెన్‌బర్గు చేరుకోవచ్చును. స్టేషను బోర్డు మీదనే ‘లూథరు పట్టణము’ అని వ్రాసి ఉంటుంది. ఎల్బే నది ఒడ్డున ఉన్న ఈ పట్టణములో జనాభా సుమారు 45 వేలు. మన జిల్లాలలో ఒక మోస్తరు తాలూకా కేంద్రమంత. 1990 వరకు ఇది తూర్పు జర్మనీలో, కమ్యూనిస్టు పాలనలో ఉండేది. 1996లో ఇక్కడి లూథరు స్థలములను ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో వారు గుర్తించారు. రాత్రి వచ్చి దిగిన మాకు స్టేషను దగ్గరలోనే ఒక గది ఇచ్చారు. అక్కడ జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. నిద్రపట్టక, ప్రార్థన చేసుకొని, ఇంటినుండి తెచ్చుకున్న జంతికలు నాలుగు తిని, ఎనిమిది గంటలకల్లా బయలుదేరాము.

వీధులు అద్దినట్టు శుభ్రముగా ఉన్నవి. నాపరాళ్ళవంటి రాళ్ళు పరచిన దారి, పక్కనే గలగలమని పారే సన్నని కాలువ. ఒకచోట ఎర్రలైటు వెలిగితే, ఒక్క వాహనమైనా రాకపోయినా జనము కదలక నిలబడియున్నారు. మేము కూడ బుద్ధిగా నిలబడ్డాము.

మొదట ఒక ఓక్ చెట్టు కనబడింది. 1520 డిసెంబరు 10న లూథరుగారు పోపుగారి ఆజ్ఞాపత్రమును కాల్చివేసిన స్థలమది. ఇప్పుడున్న చెట్టు 1830లో నాటినది. అక్కడికి కొద్దిదూరములోనే లూథరుగారి ఇల్లు. మా ఇంటివారు ఆగి, “అయ్యగారూ, ముందు ఈ ఇల్లు చూద్దామా? ఆ కేథరీన్ అమ్మగారు కాపురమున్న ఇల్లు కదా” అన్నారు.

“ముందు ఆ తలుపు చూడాలండి. ఇల్లు తరువాత చూడవచ్చు” అని మేము ముందుకు నడిచాము. వేదాంత పాఠశాలలో ఉన్ననాటినుండి ఆ తలుపు మా కలలో ఉంది. ఆమె మారుమాట అనలేదు. పాఠకులారా, ఆ దినము మేము చేసిన మొదటి తప్పిదమది.

దారిలో పట్టణపు ఆలయము వచ్చింది. లూథరుగారు ఎక్కువగా ప్రసంగించినది ఈ ఆలయములోనే. లోపలికి వెళ్ళేముందు వెలుపలి గోడమీద, పైన, ఒక పాత రాతి చెక్కడము చూశాము. యూదులను పందితో కలిపి ఎగతాళిచేస్తూ మధ్యయుగములో చెక్కినది. మనసు కలతపడింది. దాని క్రింద నేలమీద, యూదులు పడిన శ్రమలను, జరిగిన మారణకాండను జ్ఞాపకముచేస్తూ 1988లో ఒక ఫలకము అమర్చారు. లూథరుగారు కూడ తన చివరి కాలములో, 1543లో, యూదులమీద చాల కఠినమైన వ్రాతలు వ్రాశారు. ఎంత గొప్ప దైవజనుడైనా కృప లేనిదే నిలువలేడు. మన పెద్దల మంచిని చెప్పుకొన్నట్టే వారి పాపమును కూడ ఒప్పుకొనుట మంచిదని ఆ సంఘమును చూసి నేర్చుకున్నాము.

లోపల బలిపీఠము దగ్గర క్రనాక్ కుటుంబము వారు చిత్రించిన పెద్ద చిత్రపటమున్నది. 1547లో అక్కడ నిలిపారు. క్రింది భాగములో ఒక వైపు లూథరుగారు ప్రసంగవేదికమీద నిలిచి చేయి చాపి చూపుచున్నారు. ఎదుట సంఘము కూర్చున్నది. ఇద్దరికీ నడుమ సిలువమీద ప్రభువు. బోధకుడు చూపవలసినది ఎవరిని, సంఘము చూడవలసినది ఎవరిని అన్నది ఆ బొమ్మ ఒక్క మాటైనా లేకుండ చెబుతుంది. సంఘములో ముందు కూర్చున్న స్త్రీ కేథరీన్ అమ్మగారని అక్కడివారు చెప్పుకుంటారు. మా ఇంటివారు ఆ బొమ్మ ముందు కూర్చుండిపోయారు.

మాకేమో తొందర. బజారు కూడలిలోని విగ్రహములు చూస్తూ ఉంటే ఆమె వచ్చి కలుస్తుందిలే అనుకొని బయటకు వచ్చాము. ఆమెతో ఒక మాటైనా చెప్పలేదు. కూడలిలో 1821లో నిలిపిన లూథరుగారి విగ్రహము చూశాము, ప్రక్కన మెలాంక్తన్‌గారి విగ్రహము చూశాము. అక్కడనుండి దూరముగా కోట ఆలయపు గోపురము కనబడింది. కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి. ఆమె వెనుకనే వస్తున్నదనుకున్నాము.

కోట ఆలయపు తలుపు ఎదుట నిలిచినప్పుడు ఒళ్ళు పులకరించింది. 1517 అక్టోబరు 31న 95 వాదములు ఈ తలుపుకే అంటించారని చెబుతారు. ఆనాటి చెక్క తలుపు 1760లో యుద్ధములో కాలిపోయింది. ఇప్పుడున్నవి కంచు తలుపులు, 1858లో పెట్టినవి. ఆ 95 వాదములు వాటిమీద లాటిను భాషలో పోతపోసియున్నవి. లోపల ప్రసంగవేదిక క్రింద లూథరుగారి సమాధి. రాజులకున్నట్టు ఏ ఆడంబరమూ లేదు. ఒక దిమ్మె, దానిమీద ఒక పలక, అంతే.

అక్కడ నిలిచి మన తెలుగు దేశమును తలంచుకున్నాము. విట్టెన్‌బర్గుకు కొద్ది దూరములోనే హాలే అను పట్టణమున్నది. అక్కడి విద్యాసంస్థనుండి బయలుదేరిన బెంజమిన్ షుల్జ్‌గారు మద్రాసులో సేవచేస్తూ తెలుగు నేర్చుకొని, పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి అనువదించారు. ఆ అనువాదము అచ్చు కాలేదు గాని, ఆయన 1743లో తిరిగివెళ్ళి, 1746, 1747 ప్రాంతములలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములను హాలేలోనే అచ్చువేయించారు. తెలుగు అక్షరములు మొట్టమొదట అచ్చులో కనబడిన పుస్తకములలో అవి ఉన్నవి. జర్మనీలోనే పుట్టిన హయ్యరుగారు 1842లో అమెరికా సంఘము తరఫున గుంటూరు వచ్చారు. ఎక్కడి వెలుగు ఎక్కడిదాకా వచ్చిందో గదా అని స్తుతించి, ఈ మాట చెప్పాలని వెనుకకు తిరిగితే, మా ఇంటివారు లేరు.

డబ్బు, ఫోను, పటము, ఇద్దరి పాస్‌పోర్టులు, అన్నీ మా సంచిలోనే. ఆమె చేతిలో చిన్న రుమాలు తప్ప ఏమీ లేదు. పరుగు పరుగున పట్టణపు ఆలయమునకు వెళ్ళాము. బొమ్మ ముందు బల్ల ఖాళీగా ఉన్నది. ఆలయము చుట్టూ తిరిగాము. సందులలో చూశాము. అక్కడ ఒక ముసలమ్మను చీర గురించి సైగలతో అడిగితే, పాపము, ఆమె కూడ మాతో నాలుగడుగులు నడిచి వెదికింది. అరగంట గడిచింది. ప్రసంగములో విశ్వాసమును గురించి ఎన్నిసార్లు చెప్పామో! ఆ అరగంటలో ప్రార్థనకు మాటలు కూడ రాలేదు.

అప్పుడు బజారు కూడలి అవతలినుండి ఒక కేక వినబడింది.

“ఏమండీ!”

జర్మనీ దేశము నడిబొడ్డున తెలుగు మాట! తిరిగిచూస్తే విగ్రహము మెట్ల దగ్గర ఆమె. రెండు నెలల కాపురములో ఆమె నోట ఆ పిలుపు విన్నది అదే మొదటిసారి.

దగ్గరకు వెళ్ళేసరికి ఆమె కండ్లు ఎర్రగా ఉన్నవి. “దేశము కాని దేశములో చెప్పకుండా వెళ్ళిపోతారా? ‘అయ్యగారూ’ అని ఎన్నిసార్లు పిలిచానో. ఒక మనిషి గంటలో వస్తానని బండి తీసి వెళ్ళి, ఇంక రాలేదు. నాకు ఇంకొకసారి అట్లా ఎదురుచూసే ఓపిక లేదు” అన్నది.

పాఠకులారా, మా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాము. సంఘములో ఎందరికో దుఃఖములో ఆదరణ చెప్పిన మేము, మా ఇంటిలోనే ఉన్న ఈ భయమును రెండు నెలలుగా చూడలేదు. ఆమె మౌనమును నెమ్మది అనుకున్నాము.

దాహముగా ఉంటే పక్కన ఒక దుకాణములో కూర్చుని నీళ్ళు అడిగాము. రెండు గ్లాసులు తెచ్చి పెట్టారు. ఒక్క గుక్క తాగేసరికి ముక్కులో సుర్రుమన్నది. అక్కడ నీళ్ళు అంటే చాలచోట్ల సోడానే ఇస్తారట! ఏడ్చిన కండ్లతోనే ఆమె నవ్వింది. “డబ్బిచ్చి కొన్నాము, తాగండి” అన్నది. మేము కూడ నవ్వాము.

“ఇప్పుడు ఆ ఇంటికి వెళ్దాము. మీరు ముందు నడవండి” అన్నాము.

లూథరుగారి ఇల్లు నిజానికి ఒక మఠము. సన్యాసులు వెళ్ళిపోగా ఖాళీ అయిన ఆ భవనమును ప్రభువులు ఆయనకు ఇచ్చారు. కేథరీన్ అమ్మగారు నింబ్షెన్ మఠములో సన్యాసిని. 1523 ఈస్టరు సమయములో, చేపల వర్తకుడు కొప్పేగారి బండిలో మరికొందరు సన్యాసినులతో కలిసి తప్పించుకొని వచ్చారు. 1525 జూన్ 13న ఈ ఇంటిలోనే వారి వివాహము జరిగింది. బూగెన్‌హాగెన్ పాస్టరుగారు జరిపించారు. లూథరుగారికి అప్పుడు నలభై ఒకటి, ఆమెకు ఇరువదియారు. ఆయన వయసు విని మా ఇంటివారు మావైపు చూసి, “మీ ఈడే” అన్నారు. ఇప్పటికీ ఏటేటా జూన్‌లో ఆ పట్టణస్థులు ఆ పెండ్లిని పండుగగా జరుపుకుంటారు.

ఇంటి ఆవరణలో 1999లో నిలిపిన కేథరీన్ అమ్మగారి విగ్రహము ఉన్నది. వాకిలి దాటి గబగబ వస్తున్నట్టు చేశారు. పనిమీద ఉన్న ఇల్లాలే. తోటలు, పశువులు, చేపల చెరువు, పాకము, విద్యార్థులకు భోజనము, బస, అన్నీ ఆమెవే. లోపల లూథరుగారు స్నేహితులతో, విద్యార్థులతో కూర్చుని మాటలాడిన చెక్క గది అలాగే ఉన్నది. 1712లో రష్యా చక్రవర్తి పీటరు వచ్చి సుద్దతో తలుపుమీద సంతకము పెట్టగా, దానిని ఇప్పటికీ అద్దము క్రింద ఉంచారు. మా ఇంటివారు మాత్రము, “ఆ బల్ల దగ్గర ఇంతమందికి వండిపెట్టినది ఎవరు?” అన్నారు. పాస్టరు ఇంటి ఇల్లాండ్రు చాలామంది అడగదగిన ప్రశ్నే అది.

ఆ ఇంటికి ఒక రాతి ద్వారబంధమున్నది. 1540లో కేథరీన్ అమ్మగారు భర్తకు కానుకగా చేయించినది. ద్వారమునకు ఇరువైపులా ఎదురెదురుగా రెండు రాతి పీటలు. ఒకరు అటు, ఒకరు ఇటు కూర్చుంటే మోకాళ్ళు తగిలేంత దగ్గర కాదు, మాట వినబడనంత దూరమూ కాదు. మేము చెరొక పీటమీద కూర్చున్నాము.

“వీళ్ళు పిల్లలను పోగొట్టుకున్నారా?” అని అడిగింది ఆమె.

ఆరుగురు పిల్లలలో ఎలిజబెతు పసితనములోనే, 1528లో పోయింది. మగ్దలేన 1542లో పదమూడేండ్లకు తండ్రి చేతులలోనే ప్రాణము విడిచింది. 1546లో లూథరుగారు ఐస్‌లెబెన్‌లో, ఆమె దగ్గర లేని సమయములో చనిపోయారు. ఆయన ఆస్తి అంతా ఆమెకే వ్రాశారు గాని, ఆ కాలపు చట్టము దానిని సరిగా ఒప్పుకోలేదు. యుద్ధము వస్తే ఇల్లు విడిచి పోవలసి వచ్చింది. 1552లో ఊరిలో తెగులు వస్తే పిల్లలతో బండిలో బయలుదేరి, ప్రమాదములో దెబ్బతిని, డిసెంబరులో టోర్గావు పట్టణములో కన్నుమూసింది. ఆమె సమాధి అక్కడే.

ఇదంతా చెప్పగా విని ఆమె చాలసేపు ఊరకున్నది. తరువాత, “అయితే ఆయన ఇక్కడ, ఆమె అక్కడ” అన్నది. ఇంకా కాసేపటికి, “మనది కూడ అంతే కదా. ఒక సమాధి మా ఊరిలో, ఒకటి మీ ఊరిలో” అన్నది.

అప్పుడు ఆమె తన భర్తను గురించి మొదటిసారి చెప్పింది. ఆయన పాటలు బాగా పాడేవాడట, కోపము వస్తే రెండు నిమిషములే ఉండేదట. మేము మా మొదటి భార్యను గురించి చెప్పాము. ఆసుపత్రిలో చివరి వారము ఆమె ఏమి అడిగిందో, ఏది చేయలేకపోయామో చెప్పాము. ఎవ్వరితోను చెప్పని మాటలు అవి. మనుష్యులు వస్తూ పోతూ ఉన్నారు. మాకు ఎవరూ అడ్డురాలేదు.

“నాకు ఈ దినము సంతోషముగా ఉంది. అది తప్పేమో అనిపిస్తుంది” అన్నది ఆమె చివరకు.

మాకు రూతు జ్ఞాపకము వచ్చింది. భర్తను పోగొట్టుకొని పరదేశములో పరిగె ఏరుకొన్న స్త్రీని దేవుడు బోయజు ఇంటిలో నిలిపాడు. ఆమె మొదటి భర్త పేరు చెరిగిపోవాలని బోయజు కోరలేదు. చనిపోయినవాని పేరు నిలుపుటకే ఆమెను చేసుకుంటున్నానని గవినియొద్ద పెద్దల ఎదుట చెప్పాడు (రూతు 4వ అధ్యాయము). ఈ సంగతి ఆమెకు చెప్పి, “పెట్టెలో ఉన్న ఫోటోలు రెండూ మళ్ళీ గోడకు పెడదాము. పిల్లలు కూడ చూడాలి. నువ్వేమంటావు?” అన్నాము. “నువ్వు” అన్న మాట మా నోట ఎలా వచ్చిందో తెలియదు. ఆమె తల ఊపింది.

సాయంకాలము అయిదింటికి, అంటే మన దేశములో రాత్రి ఎనిమిదిన్నరకు, ఇంటికి ఫోను చేశాము. పిల్లలిద్దరూ అమ్మమ్మగారింట ఉన్నారు. బాబు చాక్లెట్లు తెమ్మన్నాడు. పాప తల్లితో ఏదేదో మాట్లాడింది. ఫోను పెట్టేశాక మా ఇంటివారు, “మీ గురించి అడిగిందండీ” అన్నారు.

“ఏమని?”

“‘అయ్యగారు తిన్నారా?’ అని.”

అంతే. అంతకుముందు ఆ బిడ్డ ఎన్నడూ మా గురించి అడగలేదు. అప్పుడు మేము తిన్నది జంతికలు, సోడానీళ్ళే అయినా, కడుపు నిండిపోయింది.

ఆ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోలేదు. ఇద్దరము కలిసి నెమ్మదిగా గదికి నడిచాము. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఆమె మా చొక్కా చేయి పట్టుకున్నది.

ప్రియ పాఠకులారా, దూరదేశములు చూడకపోతే ఏమీ కొదువ లేదు. అయితే మన సంఘములలో భర్తను, భార్యను పోగొట్టుకొని మరల ఇల్లు కట్టుకొన్నవారు ఉన్నారు. వారిని పరిహసింపకుడి. ‘పాతది మరచిపో’ అని తొందరపెట్టకుడి. ఎమ్మాయు దారిలో ఇద్దరు తమ దుఃఖమును మాటలాడుకొంటుండగానే ప్రభువు వచ్చి వారితో నడిచాడు (లూకా 24). మాటలాడుకొను ఇంటిలో ఆయనకు చోటుంటుంది. మొదటి వివాహమైనా, రెండవదైనా, ఇరువది ఏండ్ల కాపురమైనా, మీ వాకిట ఎదురెదురుగా రెండు పీటలు వేసుకొనుడి. రాతివే కానక్కరలేదు, చెక్కవైనా చాలును. ముందు నడిచేవారు ఒక్కసారి వెనుకకు తిరిగి చూచుకొనుడి.

మా ఇంటి గోడమీద ఇప్పుడు ఆ ఫోటోలు రెండూ పక్కపక్కనే ఉన్నవి. పండుగనాడు పిల్లలే వాటికి దుమ్ము తుడుస్తారు.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.